నీళ్లు అక్కర్లేని చెట్టు

మా ధర్మవరంలో నీళ్లు పారబోస్తే ఊరంతా మొహం చిట్లిస్తుంది. తాగాక చెంబులో గుక్కెడు మిగిలినా ఏదో ఒక చెట్టు మొదట్లో పోయాలి. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నాకు బాగా వంటబట్టిన పాఠం ఇదొక్కటే.

చీరలకు గిరాకీ పడిపోయాక మా ఆవిడ హిందూపురంలో గార్మెంట్ ఫ్యాక్టరీకి కుట్టుపనికి పోయింది. నలుగురు ఆడవాళ్లతో కలిసి అక్కడే గది తీసుకుంది. ఆరు నెలలే అంది. ఆమె పెంచిన ఎడారి గులాబీ నా మగ్గం పక్క కిటికీలో ఉండిపోయింది. మొదట్లో ఉబ్బిన గడ్డ, పైన నాలుగు కొమ్మలు. నీళ్లన్నీ ఆ గడ్డలోనే దాచుకుంటుందట. పోయేముందు ఒకటే చెప్పింది: మట్టి పూర్తిగా ఎండాక, ఇంకో వారం ఆగి నీళ్లు పోయమని. పెళ్లయినప్పటి నుంచీ ఆమె నాకు చెప్పిన పనుల్లో ఇంత సులువైనది లేదు. దాన్నే చెడగొట్టాను.

ఆమె లేని ఇంట్లో ఒక్క మగ్గం చప్పుడే వినలేక, దారిన పోయేవాళ్లను పిలిచి కూర్చోబెట్టి నవ్వించేవాణ్ణి. ఎండాకాలం నవ్వితే దప్పికవుతుంది. వచ్చినవాళ్లు నీళ్లు తాగి, మిగిలినవి మర్యాదగా ఆ కుండీలో పోసి పోయేవాళ్లు. పుణ్యం చేస్తుంటే వద్దని ఎట్లా అంటాం? నెల తిరిగేసరికి ఆకులు పండి రాలాయి. గడ్డను నొక్కితే మాగిన మామిడిపండులా వేలు లోపలికి దిగింది.

ఫోనులో ఆమె మొదట అడిగేది దాని గురించే. మొగ్గ వచ్చిందని చెప్పాను. మరుసటి వారం రెండన్నాను. ఐదు మొగ్గలయ్యాక నాకే భయమేసి, గడ్డను పీకి పేపర్లో చుట్టుకుని ఆదివారం ప్యాసింజర్ ఎక్కాను.

పెనుకొండలో ఎక్కిన ఒక పెద్దాయన నా ఒడిలోకి తొంగి చూశాడు.

"ఏమప్పా, ఏం గడ్డ ఇది? ఉడకేసుకుని తింటారా?"

"లేదు పెద్దాయనా, ఇదే నన్ను తింటాండాది."

గది ముందు మెట్ల మీద ఆమె పేపరు విప్పింది. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆమె లోపలికి పోయి కత్తి తెచ్చి, గట్టి తెల్లటి కండ కనిపించేదాకా కుళ్లునంతా చెక్కేసింది. కోసిన చోట పసుపు అద్దింది. వారం నీడన ఆరబెట్టి ఇసుకలో నాటితే బతుకుతుందంది.

"ఐదు మొగ్గలు యాడ మామా?"

"దారిలో రాలిపోయినాయి మే."

నవ్వింది. ఆ నవ్వు చూసి రెండు నెలలైంది.

సాయంత్రం బండికి బయల్దేరుతూ గడ్డ కోసం చేయి చాపాను. ఇవ్వలేదు.

"ఈడే ఉండనీ. మిద్దె మీద ఎండ బాగుండాది. పూత వచ్చేదానికి ఏడాది పడ్తాది, నేను చూసుకుంటా."

ఆరు నెలలన్న మనిషి ఏడాది అంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపుకుని స్టేషనుకు నడిచాను.

ఇప్పుడు వారానికోసారి ఫోటో పంపుతుంది. కోసిన మోడు పక్కనుంచి చిగుళ్లు వేసింది. బాగుందని చెప్పి, ప్రతిసారీ ఒక వంక పెడతాను.

"ఎవరితోనన్నా తీయించు మే. పక్కన నువ్వు నిలబడితే కదా, అది ఎంత పెరిగిందో నాకు తెలిసేది."