రాళ్ల లెక్కన పన్నెండు

మా తమ్ముడు గంగబాబు ఎవర్నీ నమ్మడు. మనుషుల్నే కాదు, గడియారాన్నీ నమ్మడు, కొబ్బరికాయనీ నమ్మడు. చెవి దగ్గర ఊపి, నీళ్ల చప్పుడు విన్నాకే దేవుడి ముందు కొడతాడు. ఓసారి నాకు పన్ను పోటెత్తితే టార్చిలైటు నోట్లోకి వేసి, "ఏ పన్నక్కా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఒకే పన్ను చూపించాకే ఆసుపత్రికి బండి తీశాడు.

ఆ బండి పదిమంది పట్టే పాత జీపు. ఏనుగు చెరువులో తాగినట్టు తాగుతుంది. పలివెల నుంచి అమలాపురం వెళ్లొస్తే చాలు, ట్యాంకు గుటకలు వేస్తుంది. ఇంత డీజిలు ఎక్కడికి పోతోందని నాకు అనుమానం పట్టుకుంది. దారిలో వీడికి చిన్నిల్లేమైనా ఉందా? మరదలు కాంతంతో అనలేదు గానీ, జీపు ఇంటికి రాగానే మల్లెపూల వాసన వస్తుందేమోనని తల లోపలికి పెట్టి చూసేదాన్ని. చేపల వాసన వచ్చేది.

ఇంతలో వాడి కోడలు సువర్ణకి అమలాపురంలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. పొద్దున్న ఏడింటికల్లా ఉండాలి. ఆ వేళకి చేర్చే బస్సు లేదు.

"జీపు అమ్మేసి, తక్కువ తాగే చిన్న కారు కొందాం నాన్నా" అన్నాడు వాడి కొడుకు రాంబాబు.

"అదీ సంగతి! నా జీపు మీద కన్నేసేరన్నమాట."

"పోనీ జీపు ఉంచుకో. చిన్నది రెండో బండిగా కొందాం."

"తక్కువ తాగుతుందని ఎవరు చెప్పేరు?"

"కంపెనీ వాళ్లు."

"నమ్మను."

సువర్ణ మెల్లగా అంది: "కారు లేకపోతే ఉద్యోగానికి రానని చెప్పేయాలండి, మావయ్యగారూ."

వాడు మీసం తడుముకున్నాడు. "నేనే పరీక్ష పెడతాను. లీటరుకి ఇరవై దాటితే కొందాం. లేకపోతే లేదు."

షోరూం నుంచి పాపారావు అనే ఆయన కొత్త కారు తెచ్చాడు. "ఇరవై నాలుగు ఇస్తుందండి, ఆయ్!" అన్నాడు. నేను చదివింది మూడో తరగతి, వచ్చింది పన్నెండో ఎక్కం దాకా. పన్నెండు దాటిన మైలేజీని నేనూ నమ్మను. అందుకే తమ్ముడు నన్ను సాక్షిగా వెనక సీట్లో కూర్చోబెట్టాడు, సువర్ణ పక్కన.

ట్యాంకు మూతిదాకా నింపించాడు. తిరిగొచ్చాక మళ్లీ మూతిదాకా ఎంత పడితే అంత తాగినట్టు. కిలోమీటర్లు మాత్రం మీటరు చూసి కాదు. "మీటరు వాళ్లదే కదా! రోడ్డు మీద కిలోమీటరు రాళ్ల లెక్క చాలు. అమలాపురం రానూపోనూ నలభై ఎనిమిది."

పాపారావుని పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపాడు. ఊరు దాటగానే చేపల తట్టతో చిట్టెమ్మ కనబడింది. బ్రేకు పడింది.

"ఎక్కడికి?"

"గోదారి లంకలో కూతురింటికండి."

"ఇంత ఎండలోనా? నమ్మను. ఎక్కు, గుమ్మం దాకా వచ్చి చూస్తాను."

"బాబ్బాబు, కొత్త సీటండి!" అని పాపారావు గోల. చేపల నీళ్లు కారుతూనే ఉన్నాయి. లంకలో కూతురు ఎదురొచ్చి తట్ట అందుకుంటే తమ్ముడు పరకాయించి చూసి, "ఊఁ, కూతురే" అన్నాడు.

తిరిగి రోడ్డెక్కామో లేదో, కర్ర పట్టుకుని జాషువా మాస్టారు.

"కంటాసుపత్రికి గంగబాబూ."

"ఆసుపత్రికా, పేకాటకా? ఎక్కండి, డాక్టరు మొహం నేనూ చూడాలి."

మాస్టారికి కంటి చుక్కలు వేయించి, ఆయన్ని మళ్లీ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టేదాకా ఊరుకోలేదు.

చివరికి, అమలాపురం కూడా వెళ్లొచ్చాక, బంకులో నాలుగు లీటర్లు పట్టింది. "నలభై ఎనిమిదికి నాలుగు. అంటే పన్నెండు!" అని గంతేశాడు. "చెప్పేనా! పచ్చి అబద్ధం!"

సువర్ణ మొహం వాడిపోయింది. ముందుకు వంగి మీటరు చూసింది. "తొంభై ఆరు తిరిగేమండి, మావయ్యగారూ."

పాపారావు సీటు తుడుస్తూనే అన్నాడు: "బండి తాగలేదండి. మీరు తాగించేరండి."

నాకు అప్పుడు వెలిగింది. జీపు పాపమంతా ఈ రాళ్ల లెక్కదే. మా నాన్న రేవులో పడవ నడిపేవాడు. గట్టు మీద మనిషి కనబడుతుంటే, ఎంత దూరాన ఉన్నా, పడవ తోసేవాడు కాదు. వీడికి నాన్న పడవ వచ్చింది. నోరు మాత్రం నాది వచ్చింది.

"ఒరే, అందర్నీ గుమ్మం దాకా ఎందుకురా దింపుతావు?"

"అబద్ధం పట్టుకోవడానికక్కా."

"ఇన్నేళ్లలో ఒక్కటైనా దొరికిందా?"

వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇంకా వెతుకుతున్నాను."

జీపు ఉండిపోయింది. చిన్న కారూ వచ్చింది. ఒకటో తారీఖున సువర్ణ ఏడు కొట్టకముందే ల్యాబులో ఉంది. మొన్న సాయంత్రం మాత్రం ఆలస్యంగా వచ్చింది. అలవాటు కొద్దీ కారులో తల పెట్టి చూశాను. చేపల వాసన.

"ఏమ్మా ఇది?"

"చిట్టెమ్మగారు లంకకే వెళ్తున్నానన్నారండి, పెద్దమ్మగారూ. నేను నమ్మలేదు."

ఆ కారు కూడా ఇప్పుడు రాళ్ల లెక్కన పన్నెండే ఇస్తోంది.