జనుము చేలో డ్రిల్లు మేస్టారి వలయాలు

ఆ వీడియో జూలైలో ఒక సోమవారం మా నర్సీపట్నం స్కూలు స్టాఫ్ రూముకి చేరింది. పెళ్ళి షూటింగుకని ఒక కుర్రాడు డ్రోన్ ఎగరేస్తుంటే బలిఘట్టం పక్కన ఒక జనుము చేలో కనబడ్డాయట: పైరు నేలకి అణిగి, ఒకదానిలో ఒకటి ఇమిడిన అయిదు వలయాలు, చుట్టూ పసుపు పూలు.

"పైనుంచి ఏటో దిగినాదంట" అన్నారు లెక్కల మేడమ్.

అది ఎవరి పనో నేను చూడగానే పోల్చుకున్నాను. ఏటా ఆటల పోటీలకి గ్రౌండులో మేకు పాతి, తాడు కట్టి, సున్నంతో ట్రాకు గీసేది మా డ్రిల్లు మేస్టారు. ఆ చేను కూడా ఆయనదే. నాట్లకి ముందు ఎలాగూ దున్ని మట్టిలో కలిపేసే పైరు, తొక్కినా నష్టం లేదు. అందరూ ఫోను మీద వంగి ఉంటే ఆయనొక్కరే కిటికీ దగ్గర టీ తాగుతున్నారు.

ఇరవై రెండేళ్ళుగా నేను డ్రాయింగు మేస్టారిని. నా బొమ్మ ఒక్కటైనా ఎవరూ ఇంకొకరికి పంపలేదు. ఈయనకి సున్నా తప్ప గీయడం రాదు. కడుపు మండిపోయింది. గుట్టు బయటపెడదామనుకున్నాను. పెడితే ఇంకా మెచ్చుకుంటారని ఊరుకున్నాను.

ఆదివారం తెల్లవారుతూనే తాడూ, పైరు తొక్కడానికి చెక్కా పట్టుకుని మా జనుము చేలోకి వెళ్ళాను. మేకు పట్టుకోమని నా భార్యని కూడా తీసుకెళ్ళాను.

"ఏటండీ, ఈ వయసులో? ఎవలైనా సూస్తే?"

"బేగి పట్టుకో."

ఎనిమిది రేకుల పువ్వు తొక్కాలని నా పథకం. మూడో రేకు దగ్గర బురదలో మేకు కదిలిపోయింది. మిగతావి ఎలాగో తొక్కేసి, డ్రోన్ కుర్రాడికి నేనే కబురంపాను.

మర్నాడు ఆ వీడియో చూసి లెక్కల మేడమ్, "అడివి పందులు పొర్లినట్టున్నాయి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం వరండాలో డ్రిల్లు మేస్టారు నా పక్కకొచ్చి నెమ్మదిగా అన్నారు: "తడి నేలలో ఒక మేకు ఆగదండీ. పక్కన ఇంకోటి కొట్టాల. పువ్వు మాత్రం బాగా ఆలోసించినారు. వచ్చే ఏడు మీరు గీసియ్యండి, నేను తొక్కుతాను."

వేళాకోళం చేసినా ఇంత బాధ పడేవాణ్ణి కాదు.

మరుసటేడు అలాగే చేశాం. పువ్వు కుదిరింది, ఊరంతా చూసింది. ఆయన స్టాఫ్ రూములో లేచి నిలబడి, "గీత డ్రాయింగు మేస్టారిది. నేను తొక్కినానంతే" అని చెప్పేశారు. అందరూ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన స్థానంలో నేనుంటే ఆ మాట అనుండేవాణ్ణి కాదు. నవ్వుతూ నిలబడ్డాను గానీ, ఆ సంగతే లోపల కొరుకుతూ ఉండిపోయింది.