నా కాలు చూసి కొన్న బూట్లు

మా గచ్చిబౌలి ఆఫీసు తోటలో పనిచేసే ఆడవాళ్లందరికీ నా కాలు చూసి బూట్లు కొన్నారు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

వానాకాలం వస్తే మా పని మొక్కలతో కాదు, నీళ్లతో. అద్దాల మేడ మీది నీళ్లు, రోడ్డు మీది నీళ్లు అన్నీ తోటలోకే దిగుతాయి. కాల్వ జాలీలకు అడ్డం పడ్డ ఆకులు, కాఫీ కప్పులు మేమే లాగాలి. చెప్పులు బురదలో ఊడిపోతాయి. గాజుపెంకు ఎక్కడుందో కనబడదు. అందుకే నీళ్లు దూరని బూట్లు ఇప్పించమని మేమే అడిగాం.

సూపర్‌వైజరు రకరకాల జతలు తెచ్చి, అందరిలో పెద్దదాన్నని నన్ను పిలిచాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మర్యాదగానే ఉంటుంది.

“పెద్దమ్మగారూ, ఇవి ఒకసారి తొడిగి చూడండి.”

శ్రద్ధగానే చూశాను. ఒక జత అడుగు నున్నగా ఉంది, తడి బండమీద జారింది. ఇంకోదానికి మడమ దగ్గర కుట్టు ఉంది. లోపల కాగితం కుక్కి నీళ్ల బకెట్లో నిలబెడితే కాగితం తడిసింది. మూడోది ఒకే రబ్బరు, అతుకు లేదు, అడుగు మందం. నాకు సరిపోయింది. ముందుభాగం మాత్రం సన్నగా ఉంది.

“నాకైతే మంచిగున్నయి సారూ. మిగిలినోళ్ల కాళ్లు గూడ చూడు.”

“కాలంటే కాలే కదండీ. సైజులు తెప్పిస్తాను.”

కాలంటే కాలే కాదు. నా భర్త పోయిన పదోనాడు నా మట్టెలు తీసేశారు. నా వేళ్లు బోడివి. మిగిలిన వాళ్లందరి వేళ్లకూ వెండి మట్టెలున్నాయి. ఆ సన్నటి బూటులో మట్టె ఎటు పోతుంది? పక్క వేలిలోకే పోతుంది.

వానలు మొదలయ్యాక ఆ బూట్లతో నేను తప్ప అందరూ కుంటడం మొదలుపెట్టారు. నా పక్కన పనిచేసే హఫీజ్‌పేట పిల్లకు షుగరుంది. నొప్పి చెబితే పని పోతుందని దాచుకుంది. ఒకనాడు నేనే పట్టుబట్టి బూటు లాగితే, చెమటకు నాని తెల్లబడ్డ వేలిలో మట్టె దిగబడి ఉంది. నీళ్లు లోపలికి రాని బూటులోంచి చెమట మాత్రం బయటికెట్లా పోతుంది?

సూపర్‌వైజరు వచ్చి చూశాడు.

“మట్టెలు తీసేసి రండమ్మా. డ్యూటీ అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు.”

“మా ఆయన మంచిగనే ఉన్నడు సార్. నేనెట్ల తీస్త?” అంది పిల్ల.

“నీ మొగడు ఉన్నా లేనట్టే గదనే, తీసెయ్!” అని వెనకనుంచి ఒకామె అంటే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

“మీ ఇంట్ల అమ్మగారు తీస్తదా సారూ?” అని అడిగాను.

“ఆవిడ ఇలాంటి పనికి రాదు కదండీ.”

ఒళ్లు మండింది. మట్టెల మీద నాకేం భక్తి లేదు. ఆనాడు నలుగురు నా కాలు పట్టుకుని తీశారు, నన్నొక్క మాట అడగలేదు. ఇప్పుడు ఇంకొకడు ఈ పిల్లను తీయమంటున్నాడు. కాలు మాది, బురద మాది, హుకుం మాత్రం అందరిదీ.

దవాఖానలో మట్టెను కత్తిరించి తీశారు. ఇంకా ఆలస్యమైతే వేలు తీయాల్సి వచ్చేదని డాక్టరమ్మ నన్నే తిట్టింది. తిట్టనీ. పిల్ల మాత్రం పని గురించే ఏడ్చింది. బూట్లు లేకుంటే గేటు లోపలికి రానివ్వరు, ఆ బూట్లు వేస్తే వేలు దక్కదు.

మర్నాడు నా బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఆఫీసు మేడం ముందు నిలబడ్డాను. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.

“పెద్దమ్మగారూ, మీకు సరిపోయాయి కదండీ! మీకేంటి బాధ?”

“నాకు సరిపోయినయి. అదే నా బాధ. ముండమోసినదాని కాలు చూసి ముత్తైదువలకు బూట్లు కొంటివి. ఆ పిల్ల కాలు చూసి మళ్ల కొను.”

మేడం తన కాళ్లవైపు చూసుకుంది. ఆమె వేళ్లకూ మట్టెలున్నాయి. మళ్లీ కొనమంది.

పిల్ల పుండు మానాక ఆమె, నేను, సూపర్‌వైజరు మియాపూర్‌లో బూట్ల దుకాణానికి పోయాం. పిల్ల కొత్త మట్టెలు పెట్టుకునే వచ్చింది. ముందుభాగం వెడల్పున్నవే కావాలన్నాను. ప్రతి బూటులో పిడికిలి దూర్చి తిప్పి చూశాను. తిరగనివన్నీ పక్కన పారేశాను. దుకాణపతను మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. చివరికొక జత దొరికింది. పిల్ల మందం మేజోళ్లతో తొడిగి, దుకాణం ముందు గుంటలో నీళ్లుంటే అందులో దిగి తొక్కింది.

“ఎట్లుందే?”

“వేలు ఆడుతుంది పెద్దమ్మా.”

సూపర్‌వైజరు సంతోషపడి దుకాణపతని వైపు తిరిగాడు. “ఇదే సైజు అందరికీ కట్టేయండి.”

“ఏయ్ సారూ!” అని అరిచాను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. “ఒక్కటి గూడ కట్టద్దు. రేపు అందర్ని తోలుకొస్త. ఎవరి కాలు వాళ్లే పెట్టి చూస్తరు.”