షార్కుల దగ్గరికి అమ్మ కట్టిన తాయెత్తు

మాల్దీవుల్లో టైగర్ షార్కులున్న చోట నీళ్లలోకి దిగేముందు మూడు విషయాలు సరిచూసుకున్నాను: ట్యాంకులో గాలి, నడుముకు బరువులు, మాస్కు పట్టీ. నాలుగోది గైడు చూశాడు. నా మణికట్టుకు వెండి తాయెత్తు ఉంది. శాలిబండలోని మా ఇంటి నుంచి బయలుదేరే రోజు అమ్మ దర్గా నుంచి తెచ్చి కట్టి, “ఇప్పితే నా మీద ఒట్టే” అంది.

ఏదైనా మెరిస్తే దాన్ని చిన్న చేప అనుకుని షార్కు దగ్గరికొస్తుందని, అది తీస్తేనే దిగనిస్తానని గైడు తేల్చేశాడు. మిగతావాళ్లు సిద్ధమై నా వంకే చూస్తున్నారు. పడవలోంచే అమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, తాయెత్తుంటే షార్కు దగ్గరికొస్తదట.”

“రావద్దనే గద కట్టిన!”

“అది మెరుస్తే చేప అనుకుంటదే.”

“గంత అకల్ లేని దాని కాడికి నువ్వెందుకు పోయినవ్‌రా?”

పాల వ్యాపారం చేసే బాపు ఫోన్ లాక్కున్నాడు. “లొల్లి వద్దు. బర్రె గంట మోగకుండ గుడ్డ చుడతం గద, గట్ల చుట్టు.”

గైడు దగ్గర నల్ల టేపు తీసుకుని మూడు చుట్లు వేశాను. అతను వెలుతురులో తిప్పి చూసి సరేనన్నాడు.

కింద నాలుగు మీటర్ల షార్కు నా ముందుకొచ్చి, ఆసక్తి లేనట్టు పక్కకు తిరిగి వెళ్లిపోయింది. పైకి రాగానే ఇంటికి ఫోన్ చేసి, టేపు బాగా పనిచేసిందని చెప్పాను.

“టేపు ఎందుకు చుట్టినవో,” అంది అమ్మ. “లేకుంటే అది గంత దగ్గరికి కూడ రాకపోతుండె.”