వర్నా పట్టిన బంతులు

వర్నా టిడ్వెల్ మా బడి వంటశాలలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. అదే బడిలో నేను పుస్తకాల గది చూసుకునేవాణ్ణి. నా కిటికీ సరిగ్గా ఆమె వెనక గుమ్మానికి ఎదురుగా ఉండేది. ఆమె గురించి ఇవాళ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ కిటికీ చలవే.

మాది పశ్చిమ టెక్సస్‌లో పత్తి చేల మధ్య చిన్న ఊరు. పదకొండు మందిని దించే బలగం లేక అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఆరుగురి జట్టునే దించేవాళ్లం. ఒక ఏడు నవంబరులో, ఆఖరి ఆట చివరి నిమిషంలో బంతితో అవతలి జట్టు గీత దాటినా ఇంకా ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మా ఆటలో గీత దాటిన తర్వాత బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే రెండు పాయింట్లు. మా బడి కుర్రాడు డాల్టన్ క్రెట్జ్ వంగి, కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి విసరాలి. ఒకడు పట్టి నేలమీద నిలబెడితే ఇంకొకడు తన్నాలి. డాల్టన్ విసిరిన బంతి పట్టేవాడి తలమీదుగా ఎగిరిపోయింది. ఓడిపోయాం, ఆ ఏటి ఆటలు అక్కడితో ముగిశాయి.

వాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. పెట్రోలు బంకులో కాఫీ బల్ల దగ్గర కూర్చునే పెద్దలు వాడు లోపలికి రాగానే వానల గురించి మాట్లాడేవాళ్లు. తిట్టినా బాగుండేది.

జనవరిలో కోచ్ బర్కెట్ వాడితో, "ఆగస్టు దాకా టైముంది. అప్పటికి నాకు నమ్మకం కుదిరితే ఆ చోటు నీది. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటా" అన్నాడు.

డాల్టన్ వంటశాల వెనక కంచెకి టైరు వేలాడదీశాడు. రోజూ బరువులెత్తే గది తెరవకముందే వచ్చి, ఆ టైరు కన్నంలోకి బంతి విసిరేవాడు. మూడోనాడో నాలుగోనాడో వర్నా పిండి చేతులతో బయటికొచ్చింది.

"టైరేం చెబుతుందిరా నీకు? నాకు విసురు."

"వద్దండీ మిస్ వర్నా, దెబ్బ తగుల్తుంది."

"నలుగురు అన్నల కింద పుట్టాను నాయనా. దెబ్బలు నాకు కొత్తా?"

మర్నాడు వాళ్లాయన వెల్డింగు గ్లవ్స్ తెచ్చుకుంది. మొదట్లో ఇరవైకి పది పట్టడమే గగనమయ్యేది. మార్చి వచ్చేసరికి ఇరవైకి పందొమ్మిది తిన్నగా ఆమె గుండెకెదురుగా వచ్చేవి. ఆ మాట కాఫీ బల్లకి చేరింది. మళ్లీ వాడి భుజం తట్టడం మొదలెట్టారు. నేను కూడా, పిల్లాడు గట్టెక్కాడనే అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం బరువులూ పరుగులూ అయ్యాక కుర్రాళ్లు కాళ్లీడ్చుకుంటూ పోతున్నారు. వర్నా చెత్త పారబోయడానికి బయటికొచ్చి, "ఒరేయ్, ఒక్కటి విసిరిపో" అంది. బంతి ఆమె తలమీదుగా పోయి తిన్నగా చెత్త తొట్టెలో, మిగిలిపోయిన చిల్లీ అనే మాంసం కూరలో పడింది.

"తొట్టెకి ఆకలేసిందేంట్రా డాల్టన్!" అంటూ కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. వాడూ నవ్వేశాడు. వర్నా నవ్వలేదు. వాడి మోకాళ్ల వంక చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం నా గదికొచ్చి, పుస్తకాల కోసం కాదని చెప్పి కూర్చుంది.

"లేలండ్, మూడు నెలల్నించీ తప్పు చేస్తున్నామయ్యా. పొద్దున్నే నిద్ర లేచి వచ్చినవాడు ఎలాగూ బాగానే విసురుతాడు. ఆ నవంబరులో వాడి కాళ్లు చచ్చిపోయున్నాయి. అలా ఉన్నప్పుడు విసరడం వాడికి మనం ఎక్కడ నేర్పాం?"

అంతమంది ఆట తెలిసినవాళ్లున్న ఊళ్లో ఆ సంగతి ఆమెకొక్కతెకే తట్టింది.

సోమవారం వాడితో, "ఇక పొద్దున రాకు. ఇంకొక్క అడుగు వెయ్యలేను అనిపించినప్పుడు రా" అంది.

"అప్పుడు చేతులు వణుకుతాయండీ."

"అందుకే రమ్మంటున్నా."

వేసవిలో బడి మూశారు, వంటశాలకి తాళం పడింది. అయినా సాయంత్రం ఆరయ్యేసరికి ఆమె పాత ట్రక్కు కంచె పక్కన ఆగేది. వాడు పగలంతా పత్తి చేలో కలుపు తీసి, బరువులెత్తి, మైదానం చుట్టూ పరిగెత్తి వచ్చేవాడు. జూన్‌లో ఇరవైకి పన్నెండు కూడా తిన్నగా వచ్చేవి కావు. ఒకరోజు బంతిని నేలకేసి కొట్టాడు.

"కోచ్‌కి చెప్పేస్తాను, నా వల్ల కాదని!"

"చెప్పు. ఇంకా ఎనిమిదున్నాయి. అవి విసిరేసి పోయి చెప్పు."

విసిరాడు. చెప్పడానికి మాత్రం పోలేదు.

జూలై ఆఖర్లో ఆమె ఉంగరం వేలికి చెక్కపుల్ల కట్టి కనిపించింది. సొరుగులో పడి నలిగిందంది. వర్నాకి అబద్ధమాడటం చేతకాదు. నేనూ మళ్లీ అడగలేదు. ఆ వేలు చివరిదాకా తిన్నగా రాలేదు.

ఆగస్టులో కోచ్ తానే వచ్చి ఆమె నిలబడే చోట నిలబడ్డాడు. వాడిచేత ఊపిరాడనంతగా పరుగులు తీయించి, ఇరవై విసిరించుకున్నాడు. పద్దెనిమిది చేతుల్లోకొచ్చాయి. గ్లవ్స్ తీసి ఆమెకిస్తూ, "సరే" అన్నాడు. బర్కెట్ నోట ఆ మాటే ఎక్కువ.

మొదటి ఆటలో ఆఖరి నిమిషం దాకా ఎండ తగ్గలేదు. ఆ నిమిషంలోనే మేం గీత దాటాం. ఇంకా ఒక్క పాయింటు వెనక. వర్నా మైదానం పక్కనున్న తినుబండారాల కొట్లో చిప్స్ మీద చిల్లీ పోస్తోంది. నేను కాగితం గిన్నెలు అందిస్తున్నాను. తన్నడానికి బారు తీరుతుంటే ఆమె గరిటె పక్కన పెట్టేసింది. డాల్టన్ వంగాడు. పొద్దున్నుంచీ ఆడిన కాళ్లలా ఉన్నాయి వాడివి. వర్నా వంకర వేలు నా మోచేతిని పట్టుకుంది.

బంతి తిన్నగా పోయి పట్టేవాడి చేతుల్లో వాలింది, ఎవరో తీసుకెళ్లి పెట్టినట్టు. తన్నిన కుర్రాడిది గురి తప్పింది. బంతి ఎడమ స్తంభానికి జానెడు అవతలగా పోయింది. మైదానమంతా ఉసూరుమంది. ఆ ఉసూరులో ఒక్క ఆడగొంతు సంబరంగా కేకేసింది. జనం తలలు మా కొట్టువైపు తిరిగాయి. మైదానం నడిమధ్య నుంచి డాల్టన్ కూడా ఇటే చూస్తున్నాడు.

వరసలో ముందున్న పెద్దాయన, "వర్నా, మనం ఓడిపోయాం, తెలిసిందా?" అన్నాడు.

"తెలిసింది" అంటూ కళ్లు తుడుచుకుని మళ్లీ గరిటె అందుకుంది. "చీజ్ వెయ్యమంటావా, వద్దా?"