గుప్పిట్లో క్లచ్చు

గడియారాలు బాగుచేసే ఆయన దుకాణంలో ఒక మాట తరచూ వినపడేది. పాత వాచీ తెచ్చినవాళ్లెవరైనా కంపెనీ ముల్లే వేస్తారా అని అడిగితే, కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే, "ముల్లు ఎవరి కడుపున పుట్టిందని కాదండీ, టైము చూపిస్తుందా లేదా అన్నది చూసుకోండి" అనేవాడు. బతుకంతా ఆ మాట మీదే నెట్టుకొచ్చాడు. తీరా తన కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మాట గొంతు దాటలేదు.

కారంటే తాతల నాటిది. ఎవరిదో గోదాములో కోళ్లు అందులో గుడ్లు పెట్టుకుంటుంటే చూసి, తుక్కు కింద తెచ్చుకున్నాడు. ఇంజను పని ఆయన చేయించాడు, సీట్లు ఆవిడ కుట్టింది. ఆవిడంటే ఆయన భార్య. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి దుకాణాలకు వేస్తుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, చంకలో కర్ర లేనిదే అడుగు పడదు. క్లచ్చు తొక్కాలంటే ఎడమకాలే కావాలి. అందుకని లేతు మిషను మీద పనిచేసే ఆవిడ మేనమామ, స్టీరింగు గొట్టానికి గేరు పక్కనే ఒక ఇనప మీట వెల్డింగు చేసి, క్లచ్చుని కాలి కింద నుంచి చేతిలోకి తెచ్చాడు. గేరూ క్లచ్చూ ఒకే గుప్పిట్లో. ఆనాటి నుంచి బట్టల మూటలు చేరవెయ్యమని ఆవిడ ఎవరినీ బతిమాలుకోలేదు.

పాత కార్ల క్లబ్బు ఊరేగింపులో మొదటి వరస దక్కాలంటే బండిలో ప్రతి వస్తువూ కంపెనీదే అయ్యుండాలట. చూడడానికొచ్చిన క్లబ్బు పెద్దమనిషి బానెట్టు ఎత్తి మెచ్చుకున్నాడు, తలుపులు వేసి తీసి మెచ్చుకున్నాడు, మీట దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటండీ, బోరింగు పంపు హ్యాండిలా?" అని నవ్వాడు.

ఆయన కూడా నవ్వాడు. అది మా ఆవిడ కాలండీ అని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయిందని అప్పుడు తెలిసింది.

ఆ నవ్వుతో ఆగినా బాగుండేది. క్లబ్బు వాళ్ల ద్వారా అసలు స్టీరింగు గొట్టం, క్లచ్చు పెడలు ఇంట్లో చెప్పకుండా తెప్పించాడు. ఆవిడకి వయసు మీదపడుతోంది కదా, ఇంకెన్నాళ్లు నడుపుతుంది, ఆటోలు లేవా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. పార్శిలు వచ్చిన వేళకి ఆయన దుకాణంలో ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, గోడకు ఆనించిన ఆ గొట్టం ఒంటిమీద నీలం రంగు గుడ్డ తొడుగు ఉంది. యూనిఫారాల్లో మిగిలిన గుడ్డే. బొత్తాలు కూడా కుట్టి ఉన్నాయి.

"తుప్పు పడుతుందని తొడిగాను," అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

నాలుగు తిట్టినా ఆయనకి ముద్ద దిగేది. ఆవిడ తిట్టలేదు, అలగలేదు. ఇకమీద మూటలు ఆటోలో వస్తాయని దుకాణాల వాళ్లకి ఫోన్లు చేసి చెప్పింది. ప్రతి ఫోనూ ఆయనకి వినపడేలానే సాగింది. కావాలని కాదు, ఇల్లు అంత ఇరుకు.

పొద్దున్నే తాళాలు ఆవిడే తీసుకుంది. మీట తీయించడానికి రిపేరు షెడ్డుకి తనే నడుపుతానంది. "వచ్చేటప్పుడు ఎలాగూ మీరే నడుపుతారుగా."

దారంతా ఆయన పక్క సీట్లో కూర్చుని ఆ గుప్పిటనే చూస్తూ ఉన్నాడు. మూసుకోవడం, తిరగడం, విచ్చుకోవడం. ఇన్నేళ్లు పక్కనే కూర్చుని ఒక్కనాడైనా దానికేసి చూడలేదు. కూడలిలో వెనక వాడెవడో హారను మోగిస్తే, "ఎగిరిపో నాయనా," అని గొణిగింది. ఆయనకి నవ్వొచ్చి, వెంటనే ఆ నవ్వుకే సిగ్గేసింది.

షెడ్డు నడిపేది ఆ మేనమామ కొడుకే. వెనక సీట్లో గొట్టం చూసి, వదిన దిగకముందే సంగతి కనిపెట్టాడు. మీటని గుడ్డతో తుడిచి, రంపం తెచ్చుకున్నాడు.

"కోస్తే మళ్లీ అతకదు అన్నయ్యా. ఇది చేసిన చెయ్యి లేదిప్పుడు. కొయ్యమంటారా?"

"మీ వదినని అడుగు," అన్నాడాయన.

స్టీరింగు మీద చెయ్యి తియ్యకుండా ఆవిడ అంది: "నన్నెందుకు? తెప్పించేటప్పుడు అడగలేదుగా."

అసలు, నకిలీ అన్న మాటలు నోటికి ఎంత తేలికో. ఆ కారు నమూనా గీసినవాళ్ల కళ్లముందు రెండు కాళ్లూ సరిగ్గా ఉన్న మనిషే ఉన్నాడు. ఇలాంటి ఆడది ఒకతి దాన్ని నడుపుతుందని వాళ్ల ఊహకే తట్టలేదు. వాళ్లు మరిచిపోయిన మనిషిని ఒక ముక్క ఇనుము ఆ సీట్లో కూర్చోబెట్టింది. దాన్ని బండికి మచ్చ అన్నవాడు మనిషిని ఏమన్నట్టు? క్లబ్బు వాడికి తెలియక అన్నాడనుకుందాం. తెలిసి నవ్విన వాడి సంగతేమిటి?

"రంపం లోపల పెట్టెయ్యి," అన్నాడాయన. ఆవిడ వైపు తిరిగి, "ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు.

ఆవిడ పోనిమ్మనలేదు. ఊరేగింపు మాటా ఎత్తలేదు. తాళం తిప్పింది, మీట గుప్పిట్లోకి తీసుకుంది. ఆయన వెనక సీట్లోని గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. బండి షెడ్డు దాటి చాలా దూరం వచ్చాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది.

"దాని తొడుగు విప్పండి. గుడ్డ మంచిది, ఎవరి పిల్లాడి జేబుకైనా పనికొస్తుంది."

ఆయన ఒక్కొక్క బొత్తామే విప్పసాగాడు. గట్టిగా కుట్టింది. ఓ పట్టాన ఊడిరాలేదు.