అవ్వ ఇంకా కొళాయి దగ్గరికి చేరలేదు

"మా చిన్నప్పుడు బిందెలే వరుసలో నిలబడేవి..." నర్సుతో ఆ మాట అంది రేవతి, ఆఖరి రోజున. తిరుపతిలో, ఆసుపత్రి గదిలో.

పొద్దున కొంచెం రాగి జావ తాగింది. కిటికీ తెరవమంది. నన్ను చూసి, "అవ్వ కొళాయి కాడికి చేరిందా అప్పా?" అని అడిగింది. ఇంకా లేదు, ఇంటికి పోయినాక చేరుద్దాం అన్నాను. తలూపింది.

మధ్యాహ్నానికి పోయింది.

రేవతి నా భార్య. మా వైపు మాటలో నన్ను 'అప్పా' అనేది. ప్రైమరీ స్కూలు టీచరు. అంతకు ముందు కార్వేటినగరంలో నాతో ఒకే తరగతిలో చదివిన పిల్ల. ఆ అవ్వ ఎవరో చెప్పాలంటే తొంభైల్లోకి పోవాలి...

మేం నాలుగో తరగతి. మునిరత్నం సార్ ఎక్కడి నుంచో కలర్ టీవీ, వీసీఆర్ అడిగి తెచ్చారు. కిటికీలకు దుప్పట్లు కట్టి బొమ్మల సినిమా వేశారు. జంతువులన్నీ కొళాయి దగ్గర వరుసగా నిలబడతాయి... ఏనుగు మధ్యలో దూరి కొళాయి విరగ్గొడుతుంది... ఎవరికీ నీళ్ళు ఉండవు. అంతే కథ. మళ్ళీ వేయమని గోల చేశాం.

మా వీధి కొళాయికి పొద్దున కాసేపే నీళ్ళు. ఆడవాళ్ళు ముందే బిందెలు వరుసలో పెట్టి, ఇంటికి పోయి పని చేసుకునేవారు. బిందె లేకపోతే ఒక రాయి, ఒక పాత చేట. ఏది ఎవరిదో అందరికీ తెలుసు.

మర్నాడు రేవతి ఆ బిందెలన్నీ తీసి పక్కన పెట్టేసింది. తానొక్కతే కొళాయి ముందు నిటారుగా నిలబడింది. నీళ్ళు వచ్చాయి. వీధంతా వచ్చింది.

"యెవురే నా బిందె తీసింది?" గోవిందమ్మవ్వ అరుపు. ఆమె బిందె ఎప్పుడూ మొదటిది.

"మనుషులే నిలబడాలంట అవ్వా. సినిమాలో సూపించినారు. మధ్యలో దూరితే ఏనుగంట."

"నన్నే ఏనుగంటాండావా?" వెనక నుంచి ఇంకొకామె. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"ఆ సినిమాలో మోకాళ్ళు పట్టేసిన ముసిల్ది ఉండాదా?"

"...లేదు."

"అయితే అది మనూరి సినిమా కాదు పో. నా బిందె తెచ్చి ఈడ పెట్టు!"

పెట్టింది. నింపింది. అవ్వ ఇంటిదాకా మోసుకెళ్ళింది కూడా.

బడికి వచ్చి సార్‌నే నిలదీసింది. "సార్, మీ సినిమాలో అవ్వ లేదు."

సార్ గోడ మీది పాత క్యాలెండరు తీశారు. "అయితే నువ్వే తీయమ్మా. అవ్వను పెట్టి."

దాని కాగితాలను చిన్న ముక్కలుగా కోయించారు. ఒక్కో ముక్క మీద అవ్వ బొమ్మ, ముందుదానికంటే కొంచెం జరిపి. కట్టగా పట్టి బొటనవేలితో విదిలిస్తే... అవ్వ నడిచింది! కుంటుతూ నడిచింది. తరగతంతా కేకలు.

రెండు వేల సంవత్సరం దాటి రేవతి టీచరయ్యాక, వాళ్ళ బడికి కంప్యూటర్ వచ్చాక, పిల్లలతో ఇలాంటి చిన్న సినిమాలు చేస్తూనే ఉండేది. రోడ్డు దాటడం... చెత్త వేయడం... బస్సులో పెద్దవాళ్ళకు చోటివ్వడం. అట్టతో బొమ్మలు పిల్లలు కోసేవారు. ఒక్కో కదలికకు ఒక ఫోటో, అన్నీ వరుసగా వేస్తే బొమ్మ నడిచేది. ఆదివారాలు మా భోజనాల బల్ల మీద ఆమె బొమ్మను కొంచెం జరిపేది, "నొక్కప్పా" అనేది. నేను కెమెరా నొక్కేవాడిని. మా కాపురంలో ఎక్కువగా విన్న మాట అదే.

చివరిగా మొదలుపెట్టింది ఈ బిందెల కథే. వీధి అయింది. వరుస అయింది. అవ్వ సగం దారిలో ఉంది.

బల్ల మీద అలాగే ఉంది. దుమ్ము తుడుస్తున్నాను, బొమ్మ కదలకుండా.

ఇప్పుడు ఇంటింటికీ కొళాయి. మంచిదే. అవ్వలకు నడక తప్పింది. కానీ ఒక రాయి పెట్టి ఇంటికి పోతే, ఆ రాయిని ఎవరూ జరపని వీధి ఒకటి ఉండేదని పిల్లలకు ఎలా చెప్పాలి? అది చెప్పడానికే ఆమె ఈ సినిమా మొదలుపెట్టింది.

మీ వీధి వరుసలో మీ ఇంటి చోటు పట్టిన వస్తువు ఏది... బిందెనా, చేటనా, డబ్బానా? కింద రాయండి. రేవతి బడి పిల్లలు అట్టతో చేసి వరుసలో పెడతారు. వరుస ఎంత పొడవైనా పర్వాలేదు.

ఇవాళ హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. రేపు పొద్దున బల్ల మీదివన్నీ జాగ్రత్తగా పెట్టెలో సర్ది బడికి తీసుకుపోతాను. నాలుగో తరగతి పిల్లలు అవ్వను జరుపుతారు. నేను నొక్కుతాను.